గోల్డ్ ఫిష్ కొలనుకు లైనరు

పెరట్లో తవ్విన గుంతలో నీళ్లు నిలవాలంటే నేలకూ నీటికీ మధ్య ఒక అడ్డు కావాలి. ఊరి చెరువుకు ఆ పని అడుగున పేరుకున్న ఒండ్రుమట్టి చేస్తుంది. కొంత నీరు ఇంకినా వానలకు వాగు మళ్లీ నింపుతుంది. మూడు నాలుగు వేల లీటర్లు పట్టే పెరటి కొలనుకు ఆ వెసులుబాటు లేదు. రోజుకు అంగుళం చొప్పున ఇంకితే నెల తిరక్కుండానే చేపలు బతికే లోతు మిగలదు. అందుకే గుంత అడుగునా గోడల వెంటా నీరు చొరని షీటు పరుస్తారు. దాన్నే లైనరు అంటారు. రొయ్యల చెరువులకు సరుకు అమ్మే దుకాణాల్లో ఇది లైనింగ్ షీటు అనో, జియోమెంబ్రేన్ అనో అడిగితే దొరుకుతుంది.

లైనరు ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది చేప ఆయుష్షు. గాజు గిన్నెలో నాలుగు నెలలకు చచ్చిపోయే చేపగా గోల్డ్ ఫిష్‌కు పేరు పడిపోయింది. అది చేప గుణం కాదు, గిన్నె దోషం. వెయ్యేళ్ల కిందట చైనాలో సోంగ్ వంశపు రాజుల కాలంలో కొలనుల్లో పెంచుతూ మచ్చిక చేసుకున్న జాతి ఇది. తగినంత శుభ్రమైన నీరు దొరికితే పది పదిహేనేళ్లు బతుకుతుంది. ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. పొడవాటి శరీరం ఉన్న మామూలు రకాలు, కామెట్ అనే రకం కొలనులో దాదాపు అడుగు పొడవు దాకా ఎదుగుతాయి. అంతకాలం బతికే జీవిని తెచ్చి, రెండు వేసవులకే పెళుసెక్కి చిరిగిపోయే షీటు మీద పెంచడం దానికి అన్యాయం చేయడమే.

పైగా, కొలనులో మిగతావన్నీ తర్వాత మార్చుకోదగినవే. పంపు చిన్నదైతే పెద్దది పెట్టవచ్చు. వడపోత చాలకపోతే ఇంకొకటి కలపవచ్చు. మొక్కలు, రాళ్లు, దీపాలు ఎప్పుడైనా సమకూర్చుకోవచ్చు. లైనరు అలా కాదు. దాన్ని మార్చాలంటే చేపలను పట్టి వేరే తొట్టిలో వేయాలి, నీరు తోడాలి, గట్టు మీది బండలు ఎత్తాలి, అడుగు బురద తీయాలి. ఒక రకంగా కొలనును మొదటి నుంచి కట్టినంత పని. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు మొదటి వాటా లైనరుకే వెళ్లాలి. కొలను కాస్త చిన్నదైనా సరే, షీటు మంచిది కావాలి.

తెలుగు ఊళ్లలో పెరటి కొలను అనగానే చాలామందికి తట్టేది సిమెంటు తొట్టి. మేస్త్రీ అందుబాటులో ఉంటాడు, ఇటుక తెలిసిన వస్తువు. గట్టి నేల మీద, పునాది పడి, ఇనుము వేసి కడితే సిమెంటు తొట్టి మంచిదే. ఇబ్బంది నల్లరేగడి నేలల్లో వస్తుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో విస్తారంగా ఉన్న ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని లోతైన పగుళ్లు తీస్తుంది. వానాకాలంలో ఒక వైపు నెట్టి వేసవిలో ఇంకో వైపు లాగే నేలలో పల్చటి సిమెంటు గోడ ఎక్కువ కాలం చీలకుండా నిలవలేదు. సాగే షీటుకు ఆ బాధ లేదు, నేలతో పాటు అదీ కదులుతుంది.

సిమెంటుతో ఇంకో చిక్కు సున్నం. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీటి పీహెచ్ 10 దాటిపోవచ్చు. గోల్డ్ ఫిష్‌కు 7 నుంచి 8 మధ్య హాయిగా ఉంటుంది. అందుకే రంగుచేపల పెంపకందారులు కొత్త తొట్టిలో నీళ్లు నింపి, అరటిబోదె ముక్కలు వేసి, కొన్నాళ్లకు పారబోసి మళ్లీ నింపుతూ రెండు మూడు వారాలు నాననిస్తారు. ఇంట్లో ఇప్పటికే చీలికలు పడిన పాత సిమెంటు తొట్టి ఉంటే దాన్ని పగలగొట్టనక్కర్లేదు. అంచుల గరుకు నున్నగా చేసి లోపల షీటు వేస్తే అది చక్కటి కొలను అవుతుంది. సున్నం బెడద కూడా తప్పుతుంది.

ఇక షీటు సంగతి. మన ప్రాంతంలో షీటుకు మొదటి శత్రువు ఎండ. రాయి గుచ్చుకుని పడే చిల్లు ఒక్కచోట ఉంటుంది, అతుకు వేసుకోవచ్చు. ఎండ అలా కాదు, షీటు మొత్తాన్ని లోలోపల తినేస్తుంది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడవాటి అణుగొలుసులను ముక్కలు చేస్తాయి. సాగే గుణం పోయి షీటు పెళుసు అవుతుంది, మడత దగ్గర పగులుతుంది. దీనికి విరుగుడుగా నల్ల షీట్లలో కార్బన్ బ్లాక్ అనే మసిపొడి కలుపుతారు. హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో చేసిన మంచి జియోమెంబ్రేన్‌లో బరువులో 2 నుంచి 3 శాతం ఇదే ఉంటుంది. అది కిరణాలను తానే పీల్చుకుని లోపలికి వెళ్లనివ్వదు. పాలిథిన్ రకాల్లో నల్ల షీటు మన్నికకు అసలు కారణం ఈ మసి. పారదర్శకంగా ఉండే పల్చటి పాలిథిన్, ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద పరిచేలాంటిది, కొలనుకు పనికిరాదు. ఎండలో అది కొన్ని నెలలకే పొరలు పొరలుగా రాలిపోతుంది.

దొరికే షీట్లలో అన్నిటికన్నా మెత్తనిది, ఓర్పు గలది ఈపీడీఎం రబ్బరు. 1960ల్లో మార్కెట్లోకి వచ్చిన ఈ కృత్రిమ రబ్బరును భవనాల కప్పులకు నీరు దిగకుండా పరుస్తూ వచ్చారు. తర్వాత చేపలకు హాని లేని రకాన్ని కొలనుల కోసం విడిగా తయారు చేయడం మొదలైంది. దీని గొప్ప ఏమిటంటే లాగితే మూడింతలు సాగి, వదిలితే మళ్లీ దాదాపు పాత కొలతకు వస్తుంది. కింద రాయి పొడుచుకొచ్చినా దాని చుట్టూ వంగుతుంది తప్ప వెంటనే చిరగదు. గుంత వంకర టింకరగా ఉన్నా, మెట్లు ఉన్నా, ప్రతి మూలకూ ఒదుగుతుంది. ఎండకూ గట్టిగా నిలుస్తుంది. ఇరవై ఏళ్ల హామీతో అమ్మే కంపెనీలు ఉన్నాయి. లోపం బరువు. మిల్లీమీటరు పైచిలుకు మందమున్న షీటు చదరపు మీటరుకు 1.3 నుంచి 1.4 కిలోలు తూగుతుంది. చిన్న కొలనుకు సరిపడా ముక్కే పాతిక కిలోలు దాటుతుంది, ఇద్దరు మనుషులు లేకుండా పరచడం కష్టం. ధర కూడా ఎక్కువే. మన జిల్లా కేంద్రాల్లో అన్నిచోట్లా దొరకదు, చాలాసార్లు తెప్పించుకోవాల్సి వస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం సులువుగా దొరికేది ఇదే. అక్కడ 45 మిల్ మందం ఉన్న ఈపీడీఎం కొలను షీటు అంటే దుకాణదారుకు వెంటనే తెలుస్తుంది. గడ్డకట్టే చలిలోనూ అది మెత్తగానే ఉంటుంది కాబట్టి మంచు కురిసే ఊళ్లకు అంతకన్నా తగినది లేదు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో చేతికందే షీటు హెచ్‌డీపీఈ. 2009 తర్వాత వనామీ రొయ్య సాగు పెరగడంతో కోస్తా జిల్లాల్లో నర్సరీ చెరువులకు దీన్ని పరుస్తున్నారు. రాయలసీమ పండ్లతోటల నీటికుంటల్లోనూ ఇదే కనిపిస్తుంది. సాధారణంగా 300 నుంచి 500 మైక్రాన్ల మందంలో, వెడల్పాటి చుట్టలుగా వస్తుంది. చేపలకు దీనితో హాని లేదు. ఇందులో నీటిలోకి కారే మెత్తదనపు రసాయనాలు కలపరు. బరువూ తక్కువే, 500 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు అర కిలో కూడా ఉండదు. కష్టమంతా దాని బిగువులో ఉంది. బాగా లాగితే సాగుతుంది గానీ, ఒక హద్దు దాటాక వెనక్కి రాదు, సాగినచోట పలచబడి ఉండిపోతుంది. ఇరుకు మూలల్లో మడతలు మొండిగా నిలబడతాయి. వేడికి బాగా వ్యాకోచిస్తుంది కూడా. ఐదు మీటర్ల షీటు తెల్లవారుజామున ఉన్నదానికన్నా మధ్యాహ్నం ఎండలో 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. పొద్దున బిగుతుగా పరిచింది మధ్యాహ్నానికి అలలు తీయడం, మధ్యాహ్నం సరిగ్గా పరిచింది రాత్రికి బిగిసి అంచులు లాగడం ఇందువల్లే. మామూలు జిగురు దీనికి అంటదు. అతుకు వేడితోనే వేయాలి, ఆ యంత్రం లైనింగ్ పనివాళ్ల దగ్గర ఉంటుంది. కాబట్టి ఒకే ముక్కలో, అతుకు లేకుండా వచ్చే కొలతకు కొలనును కుదించుకోవడం మేలు.

దీనికీ రబ్బరుకూ మధ్య పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా అతికించిన పాలిథిన్ షీట్లు ఉన్నాయి. వీటికి సిల్పాలిన్ అనే బ్రాండు పేరే వాడుకపేరు అయింది. రంగుచేపలు పెంచేవాళ్లు ఇటుకలతోనో కర్రలతోనో చట్రం కట్టి ఇందులో నీళ్లు నింపి తాత్కాలికపు తొట్లు చేస్తారు. తేలికగా ఉంటుంది, చక్కగా మడత పడుతుంది. 250 జీఎస్ఎం దాకా బరువున్నది తీసుకుంటే చట్రంలో కట్టిన కొలనుకు బాగానే పనిచేస్తుంది. నేలలో తవ్విన గుంతకు మాత్రం రాళ్లు, వేర్లు తట్టుకునే మందం ఇందులో తక్కువ. ధాన్యం కప్పడానికి వాడే నేత బరకంతో దీన్ని కలపకూడదు. ఆ నేత బరకానికి పైపూత ఊడిపోగానే దారాల సందుల్లోంచి నీరు ఊరుతుంది.

పీవీసీ షీటు మెత్తగా, చవకగా, చూడ్డానికి రబ్బరులాగే ఉంటుంది. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, నీటి గొట్టాలు చేసేది దానితోనే. షీటుకు మెత్తదనం రావడానికి థాలేట్ వంటి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. కాలం గడిచే కొద్దీ, వేడి పెరిగే కొద్దీ అవి షీటులోంచి బయటికి వెళ్లిపోతాయి. వాటితో పాటు మెత్తదనమూ పోతుంది, షీటు కుంచించుకుని పగులుతుంది. చేపల కొలనుకే చేశామని తయారీదారు చెప్పిన రకం, చెట్టు నీడన ఉన్న కొలనుకు కొన్నేళ్లు పనికొస్తుంది. నడి ఎండలో ఉండే పెరటికి దీన్ని ఎంచుకోకపోవడమే మంచిది. ఈత కొలనుల కోసం చేసే నీలం రంగు పీవీసీ అసలే వద్దు. పాచి, బూజు పట్టకుండా దానిలో కలిపే మందు చేపలకూ విషమే. వాడి పారేసిన ఫ్లెక్సీ బ్యానర్లు ఊరూరా ఉచితంగా దొరుకుతాయి కాబట్టి వాటితో కొలను చేద్దామన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఫ్లెక్సీ కూడా పీవీసీ పూత పూసిన గుడ్డే, పైన అచ్చు రంగులు ఉంటాయి. దాన్ని నీటికి తగలనివ్వకూడదు. లైనరు కింద మెత్తగా పరిచే పొరల్లో ఒకటిగా మాత్రం వాడుకోవచ్చు.

దుకాణంలో మందం చెప్పేటప్పుడు మూడు లెక్కలు వినబడతాయి, వాటిని కలగలిపితే మోసపోయే అవకాశం ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 25.4 మైక్రాన్లు. అమెరికా కంపెనీల 45 మిల్ షీటు మందం 1.14 మిల్లీమీటర్లు. 20 మిల్ అంటే అర మిల్లీమీటరు, అంటే దాదాపు 500 మైక్రాన్లే. జీఎస్ఎం మందం లెక్క కాదు, చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేది. 250 జీఎస్ఎం పాలిథిన్ షీటు మందం సుమారు 270 మైక్రాన్లు ఉంటుంది. ఆ అంకె చూసి 250 మిల్ అనుకుంటే ఇరవై రెట్లకు పైగా తేడా వస్తుంది. నేలలో తవ్వే గోల్డ్ ఫిష్ కొలనుకు హెచ్‌డీపీఈ అయితే 500 మైక్రాన్లు, ఈపీడీఎం అయితే ఒక మిల్లీమీటరు తగ్గకుండా తీసుకోవాలి. పదార్థం తెలియకుండా మందం ఒక్కటే అడిగి కొనడం వల్ల ఉపయోగం లేదు. మందమైన పీవీసీ కన్నా అందులో సగం మందం ఉన్న మంచి పాలిథిన్ ఎండలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

షీటు ఏదో తేలాక కొలను ఆకారం గీయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు వంపులు తిరిగిన అందమైన గుంత తవ్వించి, తర్వాత దానికి షీటు వెతుకుతారు. బిగువైన హెచ్‌డీపీఈ దొరికినప్పుడు నిలువుకన్నా కాస్త ఏటవాలుగా ఉన్న గోడలతో, మూలలు గుండ్రంగా తీసిన దీర్ఘచతురస్రమే సరైన ఆకారం. రబ్బరు దొరికితే ఎలాంటి వంపులైనా తిప్పుకోవచ్చు. మొదటిసారి కొలను కట్టేవారికి దీర్ఘచతురస్రమే మేలు. మడతలు తక్కువ, కొలత తేలిక, మడతల్లో ఇరుక్కునే చెత్త తక్కువ.

లోతు రెండున్నర అడుగులకు తగ్గకూడదు. మే నెల ఎండల్లో లోతు తక్కువ కొలను ఉదయం పదకొండు గంటలకే వేడెక్కిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు 9.1 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువును కరిగించుకోగలదు. 30 డిగ్రీల దగ్గర 7.5 మిల్లీగ్రాములే. వేడి నీటిలో చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, దొరికేది తక్కువ. లోతు, మధ్యాహ్నం తర్వాత పడే నీడ, కొద్దిపాటి తామరాకులు ఆ ఇబ్బందిని తగ్గిస్తాయి. లోతు పెరిగితే షీటు కొలతా పెరుగుతుంది కాబట్టి ఈ నిర్ణయం కొనక ముందే జరగాలి.

కొలత లెక్క సులువైనదే. పొడవుకు లోతును రెండుసార్లు కలపాలి, దానికి రెండు వైపులా గట్టు మీదికి ఒక్కో అడుగు కలపాలి. వెడల్పుకూ అంతే. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉన్న కొలను తీసుకుంటే, పొడవు పదికి ఐదు, రెండు కలిపి 17 అడుగులు. వెడల్పు ఆరుకు ఐదు, రెండు కలిపి 13 అడుగులు. మొత్తం 221 చదరపు అడుగుల షీటు. మొక్కల కుండీలు పెట్టడానికి గోడలో మెట్టు తీసినా ఈ లెక్క మారదు. మెట్టు అడ్డంగా తీసుకునేది పొడవులోనూ, నిలువుగా తీసుకునేది లోతులోనూ ముందే లెక్కకు వచ్చింది. గుంత తవ్విన తర్వాత ఒక తాడును ఒక గట్టు నుంచి గుంతలోకి దించి అడుగు వెంట నడిపించి అవతలి గట్టుకు ఎక్కించి కొలిస్తే లెక్క సరిచూసుకున్నట్టు అవుతుంది. షీటు కొనాల్సింది ఈ తాడు కొలత తర్వాతే. మేస్త్రీ చెప్పిన లోతుకూ పార చేసిన లోతుకూ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది, అడుగు తక్కువైన షీటును ఎవరూ పొడిగించలేరు.

కింద నేలను సిద్ధం చేయడంలో చూపే శ్రద్ధ షీటు ఆయుష్షును సగానికి సగం నిర్ణయిస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో గ్రానైట్ మొరం పలుకులు చాకుల్లా ఉంటాయి. నాలుగు వేల లీటర్ల నీరు అంటే నాలుగు టన్నులు. ఆ బరువు కింద చిన్న పలుకు కూడా షీటును పొడుస్తుంది. గుంతలో చేతితో తడిమి చూసి గుచ్చుకునే ప్రతి రాయినీ ఏరేయాలి, వేర్లను తెగకోసి లోపలికి తోయాలి. అడుగున రెండు అంగుళాల మెత్తటి ఇసుక పోసి తడిపి దిమ్మిస చేయాలి. ఇసుక గోడల మీద నిలవదు కాబట్టి అక్కడ జియోటెక్స్‌టైల్ అనే నేతలేని మందపాటి గుడ్డ, 200 జీఎస్ఎం పైన ఉన్నది, పరచడం ఉత్తమం. అది దొరకనప్పుడు పాత నైలాన్ తివాచీలు, ఎరువుల బస్తాల నుంచి వచ్చిన ప్లాస్టిక్ గోతాలు రెండు మూడు పొరలుగా పనికొస్తాయి. జనపనార గోనెలు, నూలు బొంతలు నేలలో కుళ్లిపోయి ఖాళీలు వదులుతాయి, వాటిని వాడకూడదు.

నేలలో ఇంకో రహస్య శత్రువు తుంగ. దాని మొలక సూదిమొనలా ఉంటుంది. పొలాల్లో మల్చింగ్ కోసం పరిచే ప్లాస్టిక్‌ను తుంగ పొడుచుకుని పైకి రావడం కూరగాయల రైతులందరికీ తెలిసిన విషయం. 500 మైక్రాన్ల షీటును పొడవడం దానికి కష్టమే, పల్చటి షీటును మాత్రం వదలదు. తుంగ గడ్డలు కనిపించిన నేలలో అరడుగు లోతు మట్టి తీసి జల్లెడ పట్టాలి. వెదురు పొద పక్కన కొలను తవ్వనే కూడదు. పందికొక్కులు తిరిగే పెరడు అయితే గట్టు చుట్టూ నేలలో సన్నకన్నుల జీఐ జాలీ నిలువుగా పాతాలి. అవి షీటును తినడానికి కొరకవు, బొరియ తీసే దారిలో అడ్డొస్తే కొరుకుతాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో, ముఖ్యంగా కోనసీమలో, వానాకాలం భూగర్భజలం నేల పైదాకా వస్తుంది. అప్పుడు షీటు కింద చేరిన నీరు దాన్ని పైకి ఎత్తుతుంది. పాలిథిన్ నీటికన్నా తేలిక కాబట్టి అది త్వరగా లేస్తుంది, కొలను మధ్యలో గుట్టలా పొంగుతుంది, చేపలు అంచులకు చేరతాయి. అలాంటి ఊళ్లలో కొలనును సగం నేలలో, సగం పైన ఇటుక గోడతో కట్టుకోవాలి. నేలపైన నీటి బరువు ఉన్నంత సేపు కింద నీరు ఎత్తలేదు. అదే కారణంతో, కడగడానికని వానాకాలంలో కొలనును పూర్తిగా తోడకూడదు. ఆ పని మాఘ, ఫాల్గుణాల్లో పెట్టుకోవాలి.

షీటు పరిచేటప్పుడు దాన్ని ముందుగా ఎండలో గంటసేపు విప్పి ఉంచితే మెత్తబడి మాట వింటుంది. గుంతలోకి ఈడ్చకుండా ఎత్తి దించాలి. చెప్పులతో ఎవరూ దిగకూడదు. బిగుతుగా లాగి మేకులు కొట్టడం చాలామంది చేసే పని. అలా చేస్తే నీటి బరువు పడినప్పుడు షీటు మూలల్లో ఖాళీ మీద వేలాడి సాగుతుంది. వదులుగా వదిలి, అడుగున నీరు పోయడం మొదలుపెట్టి, నీరు పెరిగే కొద్దీ మడతలను ఒకటి రెండు పెద్ద మడతలుగా సర్దుతూ పోవాలి. అంచులు కత్తిరించే పని పూర్తిగా నిండి, ఒక రాత్రి గడిచాకే. షీటు ఆ రాత్రి ఇంకాస్త కిందికి జారుతుంది.

గట్టు విషయంలో రెండు సూత్రాలు ఉన్నాయి. నీటి మట్టానికి పైన కనిపించే షీటు అంగుళం కూడా ఉండకూడదు. అందుకు కడప బండలు, తాండూరు బండలు రెండు అంగుళాలు నీటి మీదికి వచ్చేలా పేరిస్తే షీటు పూర్తిగా కప్పబడుతుంది, బండ నీడ చేపలకూ నచ్చుతుంది. రెండోది, బండల వెనక షీటు అంచు నిలువుగా పైకి నిలిచి ఉండాలి. దాన్ని మట్టిలోకి పరిచి పూడ్చేస్తే పక్కనున్న మట్టి, గడ్డి రాత్రింబవళ్లు కొలను నీటిని పీల్చుకుంటాయి. గట్టు చుట్టుపక్కల నేలకన్నా మూడు నాలుగు అంగుళాలు ఎత్తు ఉంటే వాన నీటితో పాటు మొక్కల మందులు, ఎరువులు కొలనులోకి కొట్టుకురావు.

రంగు నలుపే మంచిది. కార్బన్ బ్లాక్ సంగతి అలా ఉంచినా, నల్లటి అడుగు మీద నారింజ రంగు చేప వెలిగిపోతూ కనిపిస్తుంది. నీలం, తెలుపు షీట్లు మొదటి నెల బాగుంటాయి, తర్వాత పాచి మరకలతో నిండిపోతాయి.

షీటు నీటిలో తడిశాక, పైన పాచి పొర పట్టాక బాగా జారుతుంది. రెండున్నర అడుగుల లోతు నడక నేర్చిన పసిపిల్లలకు ప్రాణాంతకం. చిన్నపిల్లలున్న ఇంట్లో నీటి మట్టం మీద బిగించిన ఇనుప జాలీ లేకుండా కొలను నింపకూడదు. పిల్లి, ఉడుత, తొండ పడితే ఎక్కి రావడానికి ఒక మూల గరుకు రాళ్ల మెట్టు ఉండాలి. రాళ్ల కింద షీటు మీద మరో షీటు ముక్క వేసి పెడితే గీసుకోదు.

కొత్త కొలనును కుళాయి నీటితో నింపితే క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఎండలో వదలాలి, లేదా దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం వేయాలి. మొదటి నీటిని ఒక వారం ఉంచి పారబోసి మళ్లీ నింపితే షీటు మీది దుమ్ము, కర్మాగారపు జిడ్డు పోతాయి. ఆ తర్వాత రెండు మూడు చేపలతో మొదలుపెట్టి, వాటి మలం నుంచి వచ్చే అమ్మోనియాను అరిగించే సూక్ష్మజీవులు షీటు మీదా వడపోతలోనూ స్థిరపడేదాకా నెలన్నర ఆగాలి. పై కొలతల కొలనులో చివరికి పది చేపలకు మించి వద్దు.

నీరు తగ్గుతోందని అనుమానం వస్తే వెంటనే షీటును నిందించనక్కర్లేదు. నడి వేసవిలో ఆవిరి వల్లనే రోజుకు సెంటీమీటరు దాకా మట్టం పడిపోతుంది. ఒక బకెట్టు నిండా నీళ్లు పోసి కొలను మెట్టు మీద ఉంచి, రెండింటి మట్టాలకూ గుర్తు పెట్టి రెండు రోజులు చూడాలి. రెండూ ఒకేలా తగ్గితే అది ఆవిరే. కొలను ఎక్కువ తగ్గితే ముందు పంపు ఆపి చూడాలి. చాలాసార్లు లోపం గొట్టం అతుకులోనో, జలపాతం పెట్టుకుంటే అది పక్కకు చిందడంలోనో ఉంటుంది. పంపు ఆపినా తగ్గుతుంటే నీటిని తగ్గనివ్వాలి, చేపలకు ప్రమాదం రాకుండా కనిపెట్టుకుంటూ. మట్టం ఎక్కడ ఆగిపోతుందో చిల్లు సరిగ్గా ఆ ఎత్తులో ఎక్కడో ఉంటుంది. ఆ గీత వెంట షీటును వేళ్లతో తడుముతూ చుట్టూ తిరిగితే దొరుకుతుంది. చిల్లు చుట్టూ పాచి గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. రబ్బరుకు దాని ప్రైమరు రాసి బ్యుటైల్ టేపు అతికించాలి, పీవీసీకి దాని ద్రావకపు జిగురు వాడాలి, హెచ్‌డీపీఈకి లైనింగ్ పనివాడిని పిలిచి వేడి అతుకు వేయించాలి. అతుకు చిల్లుకు ప్రతి వైపూ కనీసం మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచు లేవదు. ఒక రోజు ఆరాక మళ్లీ పాత మట్టానికి నీరు నింపవచ్చు. కొత్తగా పోసే ఆ నీటికీ క్లోరిన్ విరుగుడు ముందే వేయాలి.